వెనక్కి నడవడం నేర్చిన మనిషి

మా హాంబర్గ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చావు కబురు కూడా రెండు ప్రకటనల మధ్యే వస్తుంది. పైన ఎవరో వాడిన వాషింగ్ మెషిన్ అమ్ముతున్నారు, కింద ఎవరికో మే నెల నుంచి రెండు గదుల ఇల్లు కావాలి. ఆ మధ్యలో ఆయన ఫొటో. వీసా కార్డు కోసం తీయించుకున్నదై ఉంటుంది, నవ్వకూడదన్నారు కాబట్టి నవ్వలేదు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. కొత్తగా వచ్చిన విద్యార్థి ఎవరో 'ఈ అంకుల్ ఎవరండీ?' అని అడిగితే, ఇంకెవరో 'అదేనబ్బా, సాక్స్ అంకుల్' అని రాశారు. అది చదివి నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆ వెంటనే సిగ్గేసింది. ఆ పేరు పెట్టింది మా అమ్మాయే.

పొట్టి మనిషి. తెనాలి వైపు మాట. విమానాల్లో సీట్లు ఎక్కడ ఎలా బిగించాలో గీసే కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారని విన్నాను. అంతకు మించి ఆయన చదువు, ఉద్యోగం గురించి నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. నాకు బాగా తెలిసినవి ఆయన పాదాలు. డాన్సు హాల్లోకి రాగానే బూట్లు విప్పి, గోడ వారగా జంటగా సర్ది పెట్టేవారు. కాళ్లకు బూడిదరంగు ఉన్ని సాక్సులు. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ సబ్బుతో కడిగి, జేబురుమాలుతో వేలు వేలూ తుడుచుకుని, ఆ రుమాలును చొక్కా జేబులో పెట్టుకునేవారు. అన్నానికి కూర్చోబోయే మనిషిలా అంత శ్రద్ధగా తయారై, ఆ సాక్సుల మీద చెక్క నేల మధ్యలోకి వచ్చి, కళ్లు మూసుకుని నిలబడేవారు. ఎవరైనా వచ్చి తనను పట్టుకుని నడిపిస్తారని ఎదురుచూస్తూ.

నేను డాన్సు క్లాసులో చేరింది కళాపోషణ కోసం కాదు. నడుంనొప్పి. రోజంతా రేవులోని కంటైనర్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. కాస్త ఒళ్లు కదిలించమని డాక్టర్ చెబితే, మా పేట కమ్యూనిటీ హాల్లో శనివారం మధ్యాహ్నం జంట నాట్యాలు నేర్పుతున్నారని తెలిసి మా ఆయన్ని రమ్మన్నాను.

"నేనా? మన పెళ్లి బరాత్‌ల గూడ నేను ఆడలే. నువ్ పో, పిల్లను నేను జూస్కుంట" అన్నారు.

ఆ క్లాసు టీచరు పాతికేళ్ల అమ్మాయి, తలకు ఒక పక్క గుండు, ఇంకో పక్క భుజం దాకా జుట్టు. ఆవిడ క్లాసులో మగవాళ్లు, ఆడవాళ్లు అనే మాటలు నిషేధం. ముందుకు అడుగేస్తూ నడిపేవాళ్లు, వెనక్కి అడుగేస్తూ అనుసరించేవాళ్లు, అంతే. పాట మారగానే నడిపేవాళ్లు అనుసరించాలి, అనుసరించేవాళ్లు నడపాలి. జతా మారుతుంది. మొదటి రోజే రెండు మీటర్ల పొడవున్న ఒక జర్మన్ అబ్బాయి వీపు మీద చెయ్యేసి హాలంతా తిప్పాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటే మా ఆయన పెరుగన్నం కలుపుతూ, "ఇంట్ల రోజు జేసే పనే గదా" అన్నారు.

ఎగతాళి ఎలా ఉన్నా నాకు నడపడం బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో జంట డాన్సులకు స్టెప్పులు నేర్పే బాధ్యత నా నెత్తిన పెట్టారు. మాస్టర్స్ చదివే పిల్లలు అరచేతి దూరంలో నిలబడి సిగ్గుపడుతుంటే, "నడుం పట్టుకోవయ్యా, కరవదు. ఏ కాలంలో ఉన్నారు మీరంతా?" అని కసిరేదాన్ని. వాళ్లు వేదిక మీద పట్టుకుని తిరుగుతుంటే ముందు వరసలో పట్టుచీరల ఆంటీలు ఫోన్లు ఎత్తి వీడియోలు తీసేవాళ్లు, ఈలలు కూడా వేసేవాళ్లు. పదేళ్ల కిందట అదే వేదిక మీద ఒక కొత్త జంట చేతులు పట్టుకుని పాట పాడితే వారం రోజులు చెవులు కొరుక్కున్న ఆంటీలే వీళ్లు. ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు. నేను కూడా ఎవరికీ గుర్తు చేయలేదు.

ఆయన ఆ శనివారం క్లాసుకు వచ్చేటప్పటికి భార్య పోయి ఎనిమిది నెలలు. మొదటి రోజు టీచరు, ముందు నడుపుతారా, అనుసరిస్తారా అని అడిగింది. "నాకు వెనక్కి నడవడం ఒక్కటే వచ్చు" అన్నారు ఆయన ఇంగ్లిష్‌లో. టీచరు మొహం వెలిగిపోయింది. ఈ వయసు మనిషి, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన మగాడు, ఆడవాళ్ల వెనక నడుస్తానంటున్నాడు! క్లాసులో పిల్లలందరికీ ఆయన్ని చూపించి, మగతనం అంటే ఇలా ఉండాలన్నట్టు ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చింది. ఆయనకు జర్మన్ అంతంత మాత్రం. అందరూ చప్పట్లు కొడుతుంటే భయపడి నా వైపు చూశారు.

"ఏమంటోందమ్మా?"

"మీరు చాలా మోడరన్ అంటోంది అంకుల్."

"నేనా!" అని ఆయన నోరు తెరిచారు. "మా ఆవిడ వింటే పడీ పడీ నవ్వేది."

ఆ రోజు విరామంలో, కాఫీ మెషిన్ పక్కన, అసలు కథ చెప్పారు. కాగితం కప్పు పట్టుకుని, నవ్వుతూ, మధ్యలో రుమాలుతో మూతి తుడుచుకుంటూ.

"మా బాసు పార్టీలో ఆయన భార్య వచ్చి నన్ను డాన్సుకి పిలిచిందమ్మా. నేను పోయి బాత్రూంలో దాక్కున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చీవాట్లు పెట్టింది. 'పిలిచిన మనిషిని అవమానించి వస్తారా, నేర్చుకుందాం పదండి' అంది. అలాగని క్లాసుకి వస్తుందా? రాదు. నలుగురిలో నా పక్కన కూర్చోడానికే సిగ్గు ఆవిడకి. పాత సామాన్ల సంతలో ఓ డీవీడీ దొరికింది. ఆదివారం భోజనాలయ్యాక కర్టెన్లు వేసేసి, టీవీ ముందు నిలబడ్డాం. ఆదివారం పూట కింది ఫ్లాటావిడ చప్పుడు ఒప్పుకోదు కదా, అందుకని సాక్సు కాళ్లతో, పాట వినీ వినపడకుండా పెట్టుకుని."

"మరి ఆంటీ నడపడం, మీరు వెనక్కి నడవడం ఎలా వచ్చింది?"

"అదే చెబుతున్నా. టీవీలో టీచర్లిద్దరూ మనకి వీపు చూపించి నిలబడ్డారు, చూసి నేర్చుకోడానికి వీలుగా. ఎడమవైపు మగాడు, కుడివైపు ఆడమనిషి. మా ఆవిడేమో నాకు ఎడమవైపు నిలబడింది. పూజలో కుడివైపా ఎడమవైపా అని పంతుళ్లు కొట్టుకుంటారు గానీ మా ఆవిడకి ఏనాడూ అనుమానం లేదు. భార్య ఎడమవైపే. ఫొటో దిగినా, సినిమాకెళ్లినా అంతే. ఇక్కడ ఎస్కలేటర్ మీద కుడివైపే నిలబడాలంటారు కదా, అప్పుడు నా వెనక మెట్టు మీద నిలబడేది తప్ప నా కుడిపక్కకి వచ్చేది కాదు. ఇహ టీవీలో ఎడమవైపు వాడు ఏం చేస్తే అది ఆవిడ చేసింది. కుడివైపావిడ ఏం చేస్తే అది నేను చేశాను. నెల రోజులయ్యాక నాకు వెలిగింది. 'ఏమేవ్, మనం తిరగేసి నేర్చుకున్నాం, నువ్విటు రా' అన్నాను. 'ఛ, కుడివైపుకి ఎలా వస్తానండీ' అంది. అంతే. ఇహ ఆ మాట మళ్లీ ఎత్తలేదు."

నేను కాఫీ ఒలకబోసుకునేంతగా నవ్వాను. ఆచారం తప్పకూడదని నిలబడిన ఇల్లాలు మొగుణ్ని పట్టుకుని హాలంతా వెనక్కి నడిపించింది. అది తెలియక మా టీచరు ఈయన్ని విప్లవకారుణ్ని చేసేసింది.

"ఆఫీసులో అందరికీ ముందు నడిచి నడిచి విసుగెత్తేదమ్మా. ఇంట్లో గంటసేపు వెనక్కి నడిస్తే ఎంత హాయో తెలుసా? ఎటు వెళ్తున్నానో నాకు తెలియక్కర్లేదు. ఆవిడ చూసుకుంటుంది" అన్నారు.

బాసు కూతురి పెళ్లిలో ఒక్కసారి బయట ఆడారట. ఆవిడ నడుపుతూ, ఆయన వెనక్కి నడుస్తూ. అతిథులంతా ఆగి చూసి, ఇది ఇండియా పద్ధతా అని అడిగారట. అవునండీ, మా దేశంలో ఇంతే అన్నారట ఈయన. ఆ మాటకు ఆవిడ పార్టీ అయ్యేదాకా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉందట. కానీ మన వాళ్ల ముందు ఏనాడూ ఆడలేదు. తెలుగు వాళ్ల ఇంటికి వెళ్తే ఆవిడ వంటింట్లో ఆడవాళ్లతో, ఈయన ముందుగదిలో మగవాళ్లతో. ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రం కోట్ల గుట్టలోంచి ఆయన కోటు తీసి ఇచ్చేదట. అందరి ముందూ ఆయన్ని ముట్టుకునే పని అదొక్కటే.

క్లాసులో ఆయన ఎక్కువ రోజులు నిలవలేదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆయన అనుసరించేది ఎదురుగా ఉన్న మనిషిని కాదు. ఇంట్లో సోఫాకీ భోజనాల బల్లకీ మధ్య ఆరడుగులే చోటు. ఆరడుగులయ్యాక ఆవిడ ఎడమకు తిప్పేది, లేకపోతే ఈయన వీపు బల్లకు కొట్టుకుంటుంది. అన్నేళ్లూ అదే డాన్సు. ఇక్కడ హాలేమో పెళ్లిపందిరంత. ఎవరు పట్టుకున్నా ఆయన కళ్లు మూసుకుని ఆరడుగులు వెనక్కి వేసి, వాళ్లు తిప్పకపోయినా తానే తిరిగేవారు. పక్క జంటను గుద్దుకునేవారు. సారీ, సారీ అని అందరికీ నమస్కారాలు పెట్టేవారు. "మీరు నా శరీరం చెప్పేది వినాలి, ముందే వెళ్లిపోకూడదు" అని టీచరు ఎంతో ఓపిగ్గా చెప్పేది. ఆయన బుద్ధిగా తల ఊపి, మళ్లీ ఏడో అడుక్కి తిరిగేవారు.

ఒకసారి గడ్డం ఉన్న ఒక కుర్రాడు ఆయన్ని నడిపాడు. పాట అయిపోగానే ఆయన బాత్రూంలోకి వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు. "తప్పని కాదమ్మా, మంచి పిల్లాడు, జాగ్రత్తగా పట్టుకున్నాడు. నాకే అలవాటు లేదు" అన్నారు. తర్వాత టీచరు ఆయన చేత నడిపించడానికి ప్రయత్నించింది. అందరూ రెండూ నేర్చుకోవాలన్నది అక్కడి రూలు మరి. ఆయన ఒక అమ్మాయిని పట్టుకుని రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయారు. "ఎవర్నో తోసేస్తున్నట్టుందమ్మా" అని నాతో అన్నారు. ఆ తర్వాత శనివారం రాలేదు.

అదే హాల్లో ఆదివారం మధ్యాహ్నం ముసలివాళ్ల టీ డాన్సు జరుగుతుంది. పైఅంతస్తులో మా తెలుగు బడి. మా అమ్మాయిని పైన వదిలి, రెండు గంటలు ఎక్కడికి పోతాను ఆ వానలో? కింద టీ డాన్సు హాల్లో ఒక మూల బల్ల దగ్గర కాఫీ తాగుతూ కూర్చునేదాన్ని. ఆడేదాన్ని కాదు, చూసేదాన్ని. క్లాసు మానేసిన కొన్ని వారాలకు ఆయన అక్కడ ప్రత్యక్షమయ్యారు, రుమాలూ సాక్సులతో సహా. మెట్లు దిగి వచ్చిన మా అమ్మాయి, "మమ్మీ, ఆ ఒపా ఎందుకు సాక్స్ మీద ఉన్నారు?" అని జర్మన్‌లో అడిగింది అప్పుడే. ఒపా అంటే తాత. అప్పట్నుంచి బడి పిల్లలందరికీ ఆయన సాక్స్ అంకుల్ అయిపోయారు.

ఆయన తలుపులో కనబడగానే ముసలమ్మలందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. సర్దుకోరా మరి? పదిహేను మంది ఆడవాళ్లకు ముగ్గురు మగవాళ్లు, అందులో ఒకాయన చేతికర్ర మీద. వాళ్లలో పెదాలకు ఎర్రటి రంగు వేసుకునే ఎనభై ఏళ్ల ఆవిడ ఉండేది. రేవు పక్కన పుట్టి పెరిగిన మనిషి, గొంతు పెద్దది, మొహమాటం లేదు. నా బల్ల దగ్గరే కూర్చుని తన కాలం ముచ్చట్లు చెప్పేది. "మా రోజుల్లో మగాళ్లు ఆ గోడన, మేము ఈ గోడన. వాళ్లు హాలంతా దాటుకుని వచ్చి వంగి అడగాలి. నచ్చనివాడు అడిగినా లేవాల్సిందే. కాదన్నావా, ఆ పాటంతా కూర్చునే ఉండాలి, ఇంకెవరితోనూ ఆడకూడదు. మేము అడగాలంటే సాయంత్రం మొత్తానికి ఒక్క పాట. ఇప్పుడు ఎవర్నైనా, ఎప్పుడైనా నేనే అడగొచ్చు. అడుగుదామంటే మనిషి లేడు" అనేది. మగవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే ముప్పై ఏళ్లుగా తన స్నేహితురాలిని పట్టుకుని తానే నడుపుతూ వచ్చింది. ఆ స్నేహితురాలు కూడా కిందటేడు పోయింది.

ఆవిడే ముందుగా లేచి, ఆయన దగ్గరికి వెళ్లి డాన్సుకు పిలిచింది. ఆయన సంతోషంగా చెయ్యి ఇచ్చి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆవిడా నిలబడింది. పాట మొదలైంది. ఎవరూ కదలరు. హాలు మధ్యలో ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడిపోయారు. ఆయన కళ్లు తెరిచి, వచ్చీరాని జర్మన్‌లో, దయచేసి మీరు నడపండి, నాకు మీ భాగమే వచ్చు అన్నారు.

ఆవిడ చేతులు వదిలేసింది. "ముప్పై ఏళ్లు నేనే నడిపాను, మగాడు లేక. ఇన్నాళ్లకు ఒకడు దొరికితే, అతన్నీ నేనే నడపాలా?" అంది. హాలంతా వినబడింది. కోపంగా కాదు, అలసిపోయి అంది. వచ్చి నా పక్కన కూర్చుని చల్లారిన టీ తాగింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆయన మీదా రాలేదు. ఆవిడకు జన్మకోసారైనా ఎవరైనా తనను నడిపించాలని ఉంది. ఆయనకూ అదే ఉంది. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని లేకుండా పోయింది.

అయినా ఆయన ఆదివారాలు మానలేదు. బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, నా బల్ల దగ్గర కూర్చునేవారు. ఎవరూ పిలిచేవాళ్లు కాదు, ఆయనా ఎవర్నీ పిలిచేవారు కాదు. పాట వస్తుంటే బల్ల కింద సాక్సు పాదాలు వెనక్కి వెనక్కి జరిగేవి. నాకు ముంజేతి మీద చిన్నగా నొక్కి చూపించేవారు, "ఇదిగో ఇలా రెండు వేళ్లతో నొక్కేదమ్మా, తిప్పే ముందు. నొక్కిందా లేదా అన్నట్టు" అని. నన్ను తల్లీ అనేవారు, నువ్వు అనేవారు. మా అమ్మాయికి ఇవ్వమని జేబులోంచి బెల్లం పల్లీపట్టీ తీసి ఇచ్చేవారు.

నవంబరులో ఒక ఆదివారం. గాలీ వానా కలిసి కొట్టడంతో హాలుకు ఆరేడుగురు కూడా రాలేదు. ఎర్ర పెదాల ఆవిడా జలుబుతో రాలేదు. ఆయన మాత్రం వచ్చారు. కొత్త సాక్సులు, ఇస్త్రీ చొక్కా. నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"నిన్న మా ఆవిడ సంవత్సరీకం అయిందమ్మా. వీడియో కాల్‌లో పంతులుగారు చెప్పినవన్నీ చేశాను. పిండాలు పెట్టాను, గారెలు వండాను. ఆవిడకి గారెలు అంత ఇష్టం లేదు, అసలు నిజం చెప్పాలంటే" అన్నారు. "ఆవిడకి ఇష్టమైంది ఒక్కటి చెయ్యాలనుంది. నువ్వు నడపడం నేను శనివారం క్లాసులో చూశాను తల్లీ, చక్కగా నడుపుతావు. ఒక్క పాట నన్ను నడిపిస్తావా? ఆరడుగులు, ఎడమకు తిప్పడం. మళ్లీ ఆరడుగులు. అంతే. ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు."

నాకు అర్థమైంది. ఆ ఊళ్లో ఆయన అడిగింది అర్థమయ్యే మనిషిని, అర్థమై చేయగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. అదీ తెలుసు. పాట మూడు నిమిషాలు. నేను ఏం చేశానంటే, మెట్ల వైపు చూశాను.

"బడి వదిలే టైమైంది అంకుల్. అందరూ దిగుతారు."

"ఇంకా పావుగంట ఉందమ్మా."

"మోకాలు కూడా కొంచెం నొప్పిగా ఉంది."

ఆయన నా మోకాలి వైపు చూశారు. చూసి, తప్పు చేసినవాడిలా చూపు తిప్పుకున్నారు. నేను నిజమే చెబుతున్నానేమోనని ఒక్క క్షణం నమ్మడానికి ప్రయత్నించినట్టు కూడా అనిపించింది. తర్వాత మొహమంతా ఎర్రబడింది. అప్పటిదాకా ఆయన అడిగింది భార్యతో ఒక పాట. నేను కాదనగానే, భార్య పోయిన ముసలాయన పెళ్లైన పరాయి ఆడదాన్ని పట్టుకోమని అడిగినట్టయింది. అది అలా మారడం ఆయన కళ్లలో నేను చూశాను. మార్చింది నేనే.

లేచి, గోడ దగ్గరికి వెళ్లి, వంగి బూట్లు తొడుక్కున్నారు. లేసులు కట్టుకోవడం చాలాసేపు పట్టింది. వెళ్లబోతూ నా బల్ల దగ్గరికి, అయినా కాస్త ఎడంగా, వచ్చి రెండు చేతులూ జోడించారు.

"ఏమీ అనుకోకండి. పెద్దతనం. బుద్ధి లేక అడిగాను. మీరు మనసులో పెట్టుకోకండి" అన్నారు.

అండీ అన్నారు నన్ను. మా నాన్న వయసు మనిషి. నాకు లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకురావాలనే అనిపించింది. తలుపు దాకా పది అడుగులు కూడా ఉండవు. మెట్ల మీద పిల్లల చప్పుడు మొదలైంది, ఆ వంకతో కూర్చునే ఉన్నాను.

తర్వాత ఎన్నిసార్లు ఆలోచించానో. పేరు కూడా తెలియని జర్మన్ మగవాళ్ల వీపు మీద ప్రతి శనివారం చెయ్యి వేస్తాను. అది డాన్సు. వాళ్ల చెమట వాసన కూడా డాన్సులో భాగమే. నన్ను తల్లీ అని పిలిచే మనిషి వీపు మీద చెయ్యి వేయమంటే మాత్రం అది డాన్సు కాకుండా పోయింది. ఎవరైనా చూస్తారని భయపడ్డానని సర్దిచెప్పుకోవడం తేలిక. చూస్తే ఏమంటారు? ఆ ఆంటీలు ఇప్పుడు ఏమీ అనరు. వీడియో తీసి, ఎంత బాగుందో అని గ్రూపులో పెట్టేవాళ్లు. లోకం మారింది, ఆ మార్పు నేర్పేదాన్ని నేనే. నా చెయ్యి మాత్రం మారలేదు. ఆ సంగతి ఆయన అడిగేదాకా నాకే తెలియదు.

ఆయన ఆదివారాలు మానేశారు. ఫిబ్రవరిలో ఒకసారి ఇండియన్ షాపులో కనబడ్డారు. పప్పుల అరల మధ్య సందు ఇరుకు. నేను ఎదురొచ్చేసరికి ఆయన బుట్టను ఛాతీకి హత్తుకుని, మినుముల సంచులకు ఆనుకుని, నా కోటు అంచు కూడా తగలకుండా దారి ఇచ్చారు. "బాగున్నారా అండీ, పాప బాగుందా" అన్నారు. 'అంకుల్, ఈ ఆదివారం రండి, నేను నడుపుతాను' అనే మాట నోటి దాకా వచ్చింది. అంతటి సాధుమనిషిని పట్టుకుని షాపులో ఆ మాట ఎలా అంటాను, ఫోన్ చేసి చెబుదాంలే అనుకున్నాను. ఫోన్ చేయలేదు. మార్చిలో గుండెపోటు. ఆస్పత్రిలో రెండు రోజులున్నారట, ఎవరికీ తెలియనివ్వలేదు.

పిల్లలు లేరు. బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగం చేసే తమ్ముడి కొడుకు రైల్లో వచ్చి కాగితాల పనంతా చూసుకున్నాడు. శ్మశానంలోని చిన్న ప్రార్థన గదిలో పెట్టె ఉంచారు. మన వాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. ఎవరూ చెప్పకుండానే మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. నేను ఆడవాళ్ల వరసలో చివర. పంతులుగారి మంత్రాలు ఫోన్ స్పీకర్లోంచి వస్తున్నాయి.

ఎర్ర పెదాల ఆవిడ కాస్త ఆలస్యంగా, నల్ల కోటులో వచ్చింది. ఎటు కూర్చోవాలో తెలియక మధ్యలో నిలబడి, నన్ను చూసి నా పక్కకు వచ్చింది. ఆ రోజు పెదాలకు రంగు లేదు. చాలాసేపు పెట్టె వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. గుసగుసలాడటం రాని మనిషి, గొంతు తగ్గించడానికి కష్టపడింది.

"అతన్ని నేను నడిపించాల్సింది. ఏం పోయేది నాది? ముప్పై ఏళ్లు చేసిన పనే కదా. రోజూ రాత్రి పడుకునే ముందు అదే గుర్తొస్తోంది, చేతులు వదిలేశాను నేను" అంది. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీరు ఎప్పుడైనా ఆడారా అతనితో?"

"లేదండీ. నాకు నడిపించడం రాదు" అన్నాను.

జర్మన్‌లో ఆ మాట నాలుగే ముక్కలు. ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఆవిడ పాపం వెంటనే నమ్మింది. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఓదార్పుగా తట్టింది.

"అయితే మీరేం చేస్తారులే. తప్పు నాదొక్కదానిదే" అంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.